తిరిగే ఇంటికి చిరునామా ఏది?

ఉద్యోగం ముగిశాక ఇల్లమ్మేసి, చక్రాల మీది ఇంట్లో అమెరికా అంతా తిరిగే పెద్దలున్నారు. వాళ్ల బండ్లు ఎలా నడుస్తాయో చాలామంది రాశారు. వాళ్ల కాగితాలు ఎలా నడుస్తాయన్నది అంతకన్నా పెద్ద కథ.

ఆరిజోనా రాష్ట్రంలో, కాలిఫోర్నియా సరిహద్దుకు కాస్త ఇవతల, ఐ-10 హైవే మీద క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరుంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 2,400 మంది చిల్లర. వేసవిలో ఆ ఊళ్లో మధ్యాహ్నం బయట నిలబడలేరు. రెంటచింతల ఎండలు ఎరిగినవాళ్లకు కూడా అవి కాస్త ఎక్కువే. అలాంటి ఊరి చుట్టూ ఉన్న ఎడారి జనవరి వచ్చేసరికి బండ్లతో నిండిపోతుంది. బస్సంత మోటర్‌హోములు, పికప్ ట్రక్కులు లాక్కొచ్చిన ట్రైలర్లు, లోపల మంచం వేసుకున్న పాత వ్యాన్లు. ఒక్కో బండి ముందు చాప పరిచి రెండు మడత కుర్చీలు. కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది తల నెరిసినవాళ్లే.

ఆ ఎడారి కేంద్ర ప్రభుత్వ భూమి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే సంస్థ దాన్ని చూసుకుంటుంది. మామూలుగా ఈ సంస్థ భూముల్లో ఎవరైనా ఉచితంగా బండి నిలుపుకోవచ్చు గానీ, ఒకచోట 14 రోజులు దాటి ఉండనివ్వరు. చలికాలమంతా ఇక్కడే గడిపే పెద్దల కోసం, వాళ్లు ఎక్కడపడితే అక్కడ ఆగి ఎడారిని పాడుచేయకుండా ఉండటం కోసం, 1983లో కొన్నిచోట్ల వేరే ఏర్పాటు చేశారు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా, ఏడు నెలలకు ఒకటే పర్మిట్. దాని రుసుము ఎంతోకాలం 180 డాలర్లే. రోజుకు డాలరు కూడా పడేది కాదన్నమాట. దానికి ఊరి పక్కనున్న లా పోసాలో దొరికేవి ఓ నీళ్ల కుళాయి, చెత్త పారేసే చోటు, మురుగు ఒంపుకునే చోటు. కరెంటు లేదు, నీడ లేదు. అయినా కెనడా నుంచి, మిన్నెసోటా నుంచి, మంచు పడే ప్రతి రాష్ట్రం నుంచీ వస్తారు. వీళ్లను అక్కడ స్నోబర్డ్స్ అంటారు.

జనవరిలో పెద్ద డేరా వేసి ఈ చక్రాల ఇళ్ల, అంటే ఆర్వీల, ప్రదర్శన పెడతారు. రంగురాళ్ల సంతలు జరుగుతాయి. చాలా ఏళ్లపాటు ఒంటిమీద దాదాపు బట్టల్లేకుండా పాత పుస్తకాలు అమ్మిన ఒకప్పటి పియానో వాద్యకారుడు కూడా ఈ ఊరివాడే. ఇక ఊరి శ్మశానంలో అందరూ ఫొటో దిగే సమాధి ఒకటుంది. రాళ్లతో కట్టిన చిన్న పిరమిడ్, కొసన లోహపు ఒంటె. 1850ల్లో అమెరికా సైన్యం ఎడారుల్లో సామాను మోయించడానికి ఒంటెలను తెప్పించి చూసింది. వాటి వెంట ఒట్టోమన్ రాజ్యం నుంచి వచ్చినవాడు హాజీ అలీ. పేరు నోరు తిరగక అక్కడివాళ్లు అతన్ని హై జాలీ చేశారు. సైన్యం ఒంటెల ముచ్చట మానుకుంది గానీ అతను వెనక్కి పోలేదు, 1902లో ఇక్కడే కన్నుమూశాడు. దేశదిమ్మరులు చేరే ఊరికి ఇంతకన్నా తగిన క్షేత్రపాలకుడు దొరకడు.

ఎడారి నిండా ఆగిన ఈ బండ్లను చూసి ‘ఆహా, ఎంత స్వేచ్ఛ’ అనుకోవడం తేలిక. పత్రికల్లో, వీడియోల్లో కనిపించేదీ అదే. కానీ వీళ్ల బతుకు లోపలికి వెళ్లి చూసేకొద్దీ, ఇల్లు వదలడానికి కావలసింది ధైర్యం కొంతే, మిగతాదంతా ఏర్పాట్లేనని అనిపిస్తుంది. ఎవరో ఉత్తరాలు అందుకోవాలి. ఏదో ఒక రాష్ట్రం ‘ఈయన మావాడే’ అనాలి. ఎక్కడ ఒళ్లు వెచ్చబడితే అక్కడి డాక్టరు చూడాలి. ఇవన్నీ ఒక్కొక్కటిగా కుదిరాకే ఆ మడత కుర్చీ.

బండిలో సంసారం

సినిమా షూటింగుల దగ్గర హీరోలకు పెట్టే క్యారవాన్ చూసినవాళ్లకు ఆర్వీ లోపల ఎలా ఉంటుందో కొంత తెలుసు. ఇంజనూ ఇల్లూ ఒకటే అయితే మోటర్‌హోమ్. బస్సు ఆకారంలో ఉంటే క్లాస్ ఎ, వ్యానునే ఇల్లుగా మారిస్తే క్లాస్ బి, డ్రైవరు నెత్తిమీదికి పడకగది పొడుచుకొస్తే క్లాస్ సి. వెనక తగిలించి లాగేది ట్రైలర్. పికప్ ట్రక్కు తొట్టిలో కొక్కెం బిగించి లాగే భారీ ట్రైలర్‌ను ఫిఫ్త్ వీల్ అంటారు. ఏడాది పొడవునా బండిలోనే ఉండేవాళ్లు చాలామంది దీన్నే ఎంచుకుంటారు. కారణం ఉంది. మోటర్‌హోమ్ ఇంజను చెడితే ఇల్లే మెకానిక్ షెడ్డుకు పోతుంది. ఫిఫ్త్ వీల్‌లో చెడేది ట్రక్కు, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. బండి ఆగాక మీట నొక్కితే గోడలు బయటికి జరిగి హాలు విశాలమవుతుంది. పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, టీవీ, కొన్నిటిలో బట్టలుతికే యంత్రం కూడా. దేశంలో తయారయ్యే ఆర్వీల్లో అత్యధికం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల కర్మాగారాల నుంచే వస్తాయి.

ఆశ్చర్యం ఏమిటంటే, ఇంత పెద్ద బండికి చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సు చాలు. టెక్సాస్ లాంటి కొన్నిచోట్ల 26,000 పౌండ్ల బరువు దాటితే వేరే తరగతి లైసెన్సు అడుగుతారు. అరవై అయిదేళ్ల దాకా చిన్న కారు తప్ప తోలని మనిషి, సోమవారం రిటైరై మంగళవారం నలభై అడుగుల బస్సు స్టీరింగ్ పట్టుకోవచ్చు. ఇది సబబేనా అంటే నాకైతే నమ్మకం లేదు. అనుభవజ్ఞులకూ లేనట్టుంది, అందుకే తమకు తామే కట్టుబాట్లు పెట్టుకున్నారు. రోజుకు 200 మైళ్లు మించొద్దు, మధ్యాహ్నం రెండింటికల్లా చేరాలి, చేరినచోట కనీసం రెండు రాత్రులుండాలి. దీన్ని 2-2-2 సూత్రం అంటారు. బండి ఎత్తు ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలో కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించుకుంటారు, వంతెన కింద దూరేటప్పుడు గుర్తు చేసుకునే తీరిక ఉండదు కనుక. వంటగ్యాస్ సిలిండర్లున్న బండ్లను బాల్టిమోర్ హార్బర్ సొరంగం లాంటి కొన్ని సొరంగాల్లోకి రానివ్వరు.

అసలు చదువు నీళ్లతో మొదలవుతుంది. బండి కింద మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్లకు ఒకటి. స్నానం, గిన్నెలు కడిగిన నీళ్లు చేరే గ్రే ట్యాంక్ ఇంకోటి. మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంక్. కుళాయి, మురుగు గొట్టం ఉన్న క్యాంపులో దిగిన కొత్తవాళ్లు, ఎందుకొచ్చిన గొడవ అని బ్లాక్ ట్యాంక్ వాల్వ్ తెరిచే ఉంచుతారు. నీళ్లన్నీ ఎప్పటికప్పుడు పోతాయి, పోవలసింది పోదు. లోపల గట్టిపడి గుట్టయి కూర్చుంటుంది. అందుకే వాల్వ్ మూసి ఉంచి, ట్యాంక్ నిండేదాకా ఆగి, ఒక్కసారి వదలాలి. దాని తర్వాత గ్రే ట్యాంక్ వదిలితే ఆ సబ్బునీళ్లతో గొట్టం కడిగినట్టవుతుంది. ఈ వరస తప్పితే ఏమవుతుందో ప్రతి ఆర్వీవాలా దగ్గరా ఒక కథ ఉంటుంది, భోజనాల వేళ చెప్పే కథ మాత్రం కాదు. బ్యాంకు మేనేజర్లుగా, ప్రొఫెసర్లుగా రిటైరైనవాళ్లు చేతులకు తొడుగులు వేసుకుని ఈ పని చేస్తారు. పనిమనిషి రాడు, మునిసిపాలిటీ రాదు.

కరెంటూ అంతే. చిన్న బండికి 30 ఆంపియర్ల కనెక్షన్, అంటే 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ పెట్టి, పైగా హెయిర్ డ్రయ్యర్ వేస్తే ఫ్యూజు ఎగురుతుంది. పెద్ద బండి 50 ఆంపియర్ల కనెక్షన్‌లో 12,000 వాట్ల దాకా దొరుకుతాయి. క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో అదీ లేదు, పైకప్పు మీది సౌర ఫలకాలు, కింద బ్యాటరీలు, అవసరానికి జనరేటర్. ఇలా ఏ కనెక్షనూ లేకుండా ఉండటాన్ని బూన్‌డాకింగ్ అంటారు. ఒళ్లు తడుపుకుని కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకుని మళ్లీ తిప్పడం అక్కడ అందరికీ అలవాటు. గోదావరి నీళ్లు వారానికోసారి వచ్చే హైదరాబాద్ కాలనీల ఇల్లాళ్లకు ఇందులో కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు.

చక్రాల ఇల్లు అమెరికాకు పాత ముచ్చటే. వాలీ బయమ్ తయారుచేసిన వెండిరంగు ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లు 1930ల నుంచే రోడ్డెక్కాయి. 1959లో వాటినొక బారుగా కట్టి కేప్‌టౌన్ నుంచి కైరో దాకా ఆఫ్రికా నిలువునా నడిపించాడాయన. 1960లో రచయిత జాన్ స్టెయిన్‌బెక్ పికప్ ట్రక్కు మీద గది కట్టించుకుని, కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని దేశం చుట్టి వచ్చి పుస్తకం రాశాడు. 1962లో మోంటానా రాష్ట్రం బిల్లింగ్స్‌లో కేఓఏ అనే సంస్థ క్యాంపులు మొదలయ్యాయి. అయితే స్టెయిన్‌బెక్ తిరిగి వచ్చాడు, ఆయనకు రావడానికి ఇల్లుంది. మన కథ తిరిగి రానివాళ్లది.

ఉత్తరం ఎక్కడికి రావాలి?

ఇల్లు అమ్మిన మర్నాడు మొదటి చిక్కు ఎదురవుతుంది. డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా ఉండాలి. బండి రిజిస్ట్రేషన్, బీమా, ఓటు, పన్ను, అన్నిటికీ ఒక చిరునామా కావాలి. అమెరికా చట్టం దృష్టిలో మనిషి ఎక్కడో ఒకచోట ఉండితీరాలి. రోజుకో ఊళ్లో ఉంటానంటే ఏ ఫారమ్‌లోనూ దానికి గడి లేదు.

ఈ చిక్కుకు దారి చూపినవాళ్లలో కే పీటర్సన్, జో పీటర్సన్ దంపతులు ముందుంటారు. ఆవిడ నర్సు, ఆయన ఎలక్ట్రీషియన్. రిటైర్మెంట్ దాకా ఆగకుండానే ట్రైలర్ ఎక్కి, ఎక్కడ పని దొరికితే అక్కడ చేసుకుంటూ తిరిగారు. తమలాంటివాళ్లను ఒకచోట చేర్చాలని 1978లో ఎస్కేపీస్ అనే క్లబ్బు పెట్టారు. టెక్సాస్‌లో లివింగ్‌స్టన్ అనే చిన్న పట్నం దాని కేంద్రం. అక్కడ క్లబ్బుకు ఉత్తరాల విభాగం ఉంది. వేలమంది సభ్యుల టపా అక్కడికి చేరుతుంది. వచ్చే వారం మోంటానాలో ఫలానా ఊళ్లో ఉంటానని కబురు పెడితే, కట్టగట్టి ఆ ఊరి పోస్టాఫీసుకు పంపుతారు. జనరల్ డెలివరీ అని పేరు మీద రాస్తే పోస్టాఫీసువాళ్లు 30 రోజుల దాకా తీసిపెడతారు. మనిషి వెళ్లి గుర్తింపు కార్డు చూపి తెచ్చుకోవడమే. ఇంటర్నెట్ వచ్చాక కవరు ఫొటో తీసి పంపడం, అక్కర్లేనిదాన్ని చించేయడం కూడా చేస్తున్నారు.

ఇలా ‘ఇల్లు’ పెట్టుకోవడానికి ఆర్వీ పెద్దలు ఎక్కువగా ఎంచుకునేవి మూడు రాష్ట్రాలు: టెక్సాస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా. మూడింట్లోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. సౌత్ డకోటా సంగతి మరీ విడ్డూరం. ఉత్తరాలందుకునే సంస్థ దగ్గర చిరునామా తీసుకుని, రాష్ట్రంలో ఒక్క రాత్రి క్యాంపులోనో హోటల్లోనో ఉన్నట్టు రసీదు చూపితే డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేస్తుంది. మళ్లీ అయిదేళ్ల దాకా ఆ గడప తొక్కక్కర్లేదు. ఆ ఊళ్లో జన్మలో ఒక రాత్రి మాత్రమే పడుకున్న మనిషికి అక్కడి కోర్టు నుంచి జ్యూరీ విధికి రమ్మని పిలుపు రావచ్చు. వస్తుంది కూడా.

ఊరివాళ్లు ఊరుకుంటారా? ఎప్పుడూ కనిపించని వేలమంది మా జిల్లాలో ఓటెలా వేస్తారని లివింగ్‌స్టన్ ఉన్న పోక్ కౌంటీలో గొడవ కోర్టు దాకా వెళ్లింది. 2023లో సౌత్ డకోటా శాసనసభ, ఓటరుగా నమోదు కావాలంటే 30 రోజులు రాష్ట్రంలో ఉండి ఉండాలని చట్టం చేసింది. లైసెన్సుకు ఒక రాత్రి, ఓటుకు 30 రోజులు. స్థానికుల బాధ అర్థం చేసుకోదగ్గదే. బడికో రోడ్డుకో పన్ను వేయాలా వద్దా అన్న ఓటింగులో, ఆ రోడ్డు మీద నడవనివాడి మాట ఎందుకు చెల్లాలి? అలాగని నలభై ఏళ్లు పన్నులు కట్టిన మనిషికి ఇల్లు లేదన్న ఒక్క కారణంతో దేశాధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేకుండా చేయడం న్యాయమేనా? రెండు పక్షాలూ నిజమే చెబుతున్నాయి. అందుకే ఇది తెగే తగవులా లేదు.

బ్యాంకులది ఇంకో తంతు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత వచ్చిన చట్టం ప్రకారం ఖాతాదారు నిజంగా ఉండే చోటు బ్యాంకుకు తెలియాలి. ఉత్తరాల పెట్టె నంబరు ఇస్తే కంప్యూటరు ఒప్పుకోదు. ఇల్లే లేనివాళ్లు దగ్గరి బంధువు చిరునామా ఇవ్వవచ్చని నిబంధనల్లో వీలుంది. చాలామంది కూతురిదో తమ్ముడిదో ఇస్తారు. ఇల్లు వదిలేసినా, కాగితం మీద ఎవరో ఒకరి పంచన ఉండక తప్పదు.

ఇక వైద్యం. 65 ఏళ్లు నిండితే కేంద్ర ప్రభుత్వ మెడికేర్ వస్తుంది. ప్రభుత్వమే నేరుగా నడిపే అసలు మెడికేర్ తీసుకుంటే, దాన్ని ఒప్పుకునే డాక్టరు దేశంలో ఎక్కడున్నా చూపించుకోవచ్చు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాల్లో నెలవారీ ఖర్చు తక్కువ కావచ్చు, పళ్లకూ కళ్లకూ కూడా ఇస్తామని ఆశ పెడతాయి. కానీ వాటిలో చాలావాటికి ఊరి చుట్టూ గీసిన గీత ఉంటుంది. అత్యవసరమైతే తప్ప ఆ గీత దాటి చూపించుకుంటే ఖర్చు మన నెత్తిన పడుతుంది. ఇంట్లో ఉండేవాళ్లకు ఇది చిన్న తేడా. తిరిగేవాళ్లకు ప్రాణం మీదికి వచ్చే తేడా. 65 నిండకముందే రిటైరై రోడ్డెక్కేవాళ్లకు మరీ కష్టం, ప్రైవేటు బీమా పథకాలు చాలావరకు ఒక్క రాష్ట్రానికే పరిమితం. అందుకే చాలా జంటలు ఏడాదికోసారి తమ ‘కాగితపు ఊరి’కి వెళ్లి పళ్లు, గుండె, కళ్లు అన్నీ ఒకే వారంలో చూపించుకుంటాయి.

పింఛను చాలినవాళ్లు, చాలనివాళ్లు

ఆర్వీ జీవితం చవక అనేవాళ్లున్నారు, ఖరీదు అనేవాళ్లున్నారు. రెండూ నిజం కావడానికి వీలున్న లెక్క ఇది. ఇంటి పన్ను పోతుంది, ఇంటి మరమ్మతు పోతుంది. బదులుగా గాలన్ పెట్రోలుకు ఆరు నుంచి పది మైళ్లు మాత్రమే ఇచ్చే ఇంజను వస్తుంది. అరగకపోయినా ఆరేడేళ్లకే మార్చాల్సిన టైర్లు వస్తాయి. ఎప్పుడూ ఏదో ఒకటి కారే పైకప్పు వస్తుంది. ఇల్లు కొంటే ధర పెరుగుతుందన్న ఆశయినా ఉంటుంది, ఆర్వీ షోరూము గడప దాటగానే దిగడం మొదలెడుతుంది. చేతిలో ఇల్లు అమ్మిన డబ్బు, నెలనెలా ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ, దానికి తోడు కంపెనీ పింఛనో పొదుపో ఉన్నవాళ్లు వేసవిలో కొండలకు, చలికాలంలో ఎడారికి, ఎక్కడ వాతావరణం హాయిగా ఉంటే అక్కడికి సాగిపోతారు.

సోషల్ సెక్యూరిటీ ఒక్కటే ఉన్నవాళ్ల దారి వేరు. వాళ్లు పని చేసుకుంటూ తిరుగుతారు. దీన్ని వర్క్‌క్యాంపింగ్ అంటారు. మెరుగైన పని క్యాంపు హోస్ట్. జాతీయ అడవుల్లోని క్యాంపుల్లో వచ్చేవాళ్లను పలకరించి, రుసుములు వసూలు చేసి, మరుగుదొడ్లు కడిగితే బండి నిలుపుకోవడానికి ఉచితంగా చోటు, చాలాచోట్ల కొంత కూలి. అక్టోబరులో నార్త్ డకోటా, మిన్నెసోటా మధ్య రెడ్ రివర్ లోయలో చక్కెర దుంపలు తవ్వే కాలం. పగలూ రాత్రీ పన్నెండు గంటల షిఫ్టులు, మొహం మీద చలిగాలి, ఒంటినిండా మట్టి. లారీల దగ్గర నిలబడి పనిచేసేవాళ్లలో అరవై దాటినవాళ్లు కనిపిస్తారు. అమెజాన్ 2008 నుంచి క్యాంపర్‌ఫోర్స్ పేరుతో ఆర్వీవాళ్లనే పిలిచి, పండగల రద్దీలో గోదాముల్లో పెట్టుకునేది. కొన్నేళ్ల కిందట దాన్ని ఆపేసింది.

జెసికా బ్రూడర్ 2017లో వెలువరించిన ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకం ఈ రెండో రకం మనుషుల గురించే. 2008 ఆర్థిక మాంద్యంలో ఇల్లూ పొదుపూ పోగొట్టుకుని, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో వ్యాన్‌లో పడుకుంటూ కూలికి పోయేవాళ్లు. క్లోయీ జావ్ దాన్ని సినిమాగా తీసింది. 2021లో ఉత్తమ చిత్రం, దర్శకురాలు, నటి, మూడు ఆస్కార్లూ దానికే. కథానాయిక ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్ పక్కన కనిపించే లిండా మే, స్వాంకీ నటులు కారు. నిజంగా రోడ్డు మీద బతికినవాళ్లే. సినిమా చూసినవాళ్లు కొందరు, గోదాము పని కష్టాన్ని అది మెత్తగా చూపించి వదిలేసిందన్నారు. ఆ మాట నిజమనే నా అభిప్రాయం. సూర్యాస్తమయాలు అంత అందంగా తీస్తే నడుంనొప్పి ఎవరికి కనబడుతుంది?

క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో ఈ రెండు రకాలవాళ్లూ పక్కపక్కనే ఉంటారు. లక్షల డాలర్ల డీజిల్ బస్సుకు అరఫర్లాంగు దూరంలో అద్దాలకు అట్టముక్కలు అడ్డం పెట్టిన పాత వ్యాన్. ఇద్దరి పర్మిట్టూ ఒకటే.

ఇద్దరే, ఒకే గది

పెళ్లయిన నలభై ఏళ్లకు తొలిసారి రోజుకు ఇరవై నాలుగు గంటలూ కలిసి ఉండటం చిన్న విషయమేమీ కాదు. ఇన్నాళ్లూ ఆయన ఆఫీసు ఆయనది, ఆవిడ ఇల్లు ఆవిడది, లేదా ఇద్దరి ఆఫీసులూ వేరు. ఇప్పుడు మూడొందల చదరపు అడుగుల్లో ఒకరు కాఫీ కలుపుకోవాలంటే ఇంకొకరు లేచి నిలబడాలి. కోపం వస్తే తలుపేసుకోవడానికి ఇంకో గది లేదు, బయట ఎడారి తప్ప. బండిని వెనక్కి పెట్టడం మీద జరిగే పోట్లాటల గురించి ఈ లోకంలో జోకులకు కొదవ లేదు. వెనక నిలబడి చేతులూపే భార్య, అద్దంలో ఆవిడ కనబడని భర్త. సాయంత్రం పూట ఇదే చూడటానికి కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లు ప్రతి క్యాంపులోనూ ఉంటారు.

నవ్వులాటలు పక్కన పెడితే, అనుభవజ్ఞులు పదేపదే చెప్పేది ఒకటుంది. భార్యాభర్తలిద్దరికీ బండి నడపడం రావాలి. చాలా జంటల్లో ఆయనే నడుపుతాడు. ఊరికి వంద మైళ్ల దూరంలో ఆయనకు గుండెపోటు వస్తే? అందుకే ఆడవాళ్లకు ప్రత్యేకంగా డ్రైవింగ్ నేర్పే తరగతులు పుట్టాయి. భర్త పోయాక ఒంటరిగానే రోడ్డు మీద కొనసాగిన స్త్రీలు తక్కువేమీ కాదు. వాళ్లకు వేరే సంఘాలున్నాయి. పిల్లలు మాత్రం ఇప్పటికీ ఫోన్ చేసి, ఇక చాలమ్మా అంటూనే ఉంటారు.

సామాను వదులుకోవడం ఇంకో ఘట్టం. ఇంట్లో ముప్పై ఏళ్లు పేరుకున్నది బండిలో పట్టదు. పిల్లల్ని పిలిచి తీసుకోమంటే వాళ్లకు వద్దు. అలంకారపు గిన్నెలు, పెద్ద బీరువా, పెళ్లి ఆల్బములు. తెగించి అన్నీ అమ్మేసేవాళ్లు కొందరు. నెలనెలా అద్దె కట్టి గోదాములో పెట్టి, అయిదేళ్ల తర్వాత తాళం తీసి చూసి, కట్టిన అద్దె సామాను ఖరీదును దాటిపోయిందని తెలుసుకునేవాళ్లు చాలామంది.

మనవాళ్లు ఎక్కిన బండి

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఆర్వీ కొత్త కాదు. వేసవి సెలవుల్లో యెల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వారం రోజులు అద్దెకు తీసుకుని వెళ్లేవాళ్లున్నారు. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలను కూడా ఎక్కించుకుంటారు. హోటల్ తిండి ఒంటికి పడని పెద్దవాళ్లకు, కుక్కర్లో అన్నం వండుకుని ఆవకాయ కలుపుకునే వీలున్న బండి కంటే మంచి వాహనం లేదు. పోపు వాసన మూడు రోజులకు కర్టెన్లకు పట్టేస్తుందని, అద్దె కంపెనీ దానికి వేరే రుసుము వేస్తుందేమోనని కొడుకు భయం.

కానీ ఇల్లమ్మేసి పూర్తిగా బండెక్కడం మనవాళ్లలో అరుదు. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు ఒక విడత సాధారణంగా ఆరునెలలే ఉండనిస్తారు, మెడికేర్ లేదు. వాళ్లకీ దారి మూసుకున్నట్టే. గ్రీన్‌కార్డు వచ్చి స్థిరపడిన పెద్దలకు మాత్రం ఒక చిన్న సౌకర్యం ఉంది, చాలామందికి తెలియదు. 62 ఏళ్లు నిండిన పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు జాతీయ పార్కుల జీవితకాల పాసు ఇస్తారు. 2017 ఆగస్టు దాకా అది 10 డాలర్లే ఉండేది, తర్వాత 80 చేశారు. పాసున్నవాళ్లతో పాటు బండిలో ఉన్నవాళ్లందరికీ పార్కు ప్రవేశం ఉచితం. కేంద్ర ప్రభుత్వ క్యాంపుల్లో చాలాచోట్ల సగం రుసుమే. కొడుకు కారులో వెళ్లినా ఇది పనికొస్తుంది.

1970లు, 80ల్లో డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వెళ్లిన తెలుగువాళ్ల తరం ఇప్పుడు రిటైరైంది. డబ్బుకు కొదవ లేదు, మెడికేర్ ఉంది, ఇంగ్లీషు వచ్చు, డ్రైవింగ్ వచ్చు. అర్హతలన్నీ ఉన్నా వీళ్లు రోడ్డెక్కకపోవడానికి కారణం వెతికితే గుడి కనబడుతుంది. శనివారం వెంకటేశ్వరస్వామి గుడి, పండగకు సంఘం భోజనాలు, తానా ఆటా సభలు, పక్కవీధిలో మనవలు. ఏళ్ల తరబడి పోగుచేసుకున్న తెలుగు ప్రపంచం అది. ఆర్వీ ఎక్కితే కొండలు దొరుకుతాయి గానీ మాట్లాడుకోవడానికి మనిషి దొరకడు. ఇంట్లో తెల్ల అమెరికన్‌కు దొరకనిది వీళ్లకు దొరుకుతోంది, అందుకే కదలరని నా ఊహ.

బండి ఆగే రోజు

ప్రారంభం గురించి అందరూ మాట్లాడతారు. ఆపడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కళ్లు మసకబారతాయి, బ్రేకు మీద కాలు ఆలస్యంగా పడుతుంది, మురుగు గొట్టం ఎత్తలేని రోజు వస్తుంది. ఇల్లు అమ్మిన రోజే ఆపే రోజుకు కూడా డబ్బు తీసి పక్కన పెట్టాలని తెలిసినవాళ్లు చెబుతారు. బండి అమ్మితే మళ్లీ ఇల్లు కొనేంత రాదు. వయసు మీదపడ్డాక ఎవరి సాయంతోనో బతకాల్సి వస్తే దీర్ఘకాలపు సంరక్షణ ఖర్చు మెడికేర్ భరించదు.

కొందరు చివరి రోజుల్లోనే బండెక్కుతారు. మిషిగన్‌లో ఉండే నోర్మా బావర్‌ష్మిట్‌కు 2015లో, భర్త పోయిన రెండ్రోజులకే, గర్భాశయ క్యాన్సరని తేలింది. అప్పటికి ఆమెకు 90 ఏళ్లు. ఆపరేషను, కీమో, రేడియేషను అంటూ డాక్టరు వరస చెబుతుంటే, అవేవీ వద్దు, రోడ్డు మీదికి పోతానంది. కొడుకు టిమ్, కోడలు రామీ అప్పటికే ఆర్వీలో తిరిగేవాళ్లు. అత్తగారిని, చక్రాల కుర్చీని, రింగో అనే కుక్కను ఎక్కించుకుని బయల్దేరారు. ఏడాదికి పైగా సుమారు 13,000 మైళ్లు, 32 రాష్ట్రాలు తిరిగి, 2016 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలో కన్నుమూసింది. ప్రపంచమంతా ఆమె కథ చదివింది. అందరూ ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నారు. నేనైతే ఆ కోడలిని మెచ్చుకుంటాను. అత్తను ఇంట్లో పెట్టుకోవడం వేరు, అటూ ఇటూ తప్పుకునే చోటు లేని బండిలో ఏడాది పెట్టుకోవడం వేరు.

అందరికీ అలాంటి కోడలు దొరకదు కదా. పీటర్సన్ దంపతుల క్లబ్బు దీనికీ ఒక దారి ఆలోచించింది. లివింగ్‌స్టన్‌లోని తమ స్థలంలోనే కేర్ అనే సంరక్షణ కేంద్రం కట్టారు. వయసు మళ్లి, జబ్బుపడి నడపలేని సభ్యులు తమ బండిని తెచ్చి దాని పక్కన నిలుపుకోవచ్చు. వృద్ధాశ్రమం గదికి మారక్కర్లేదు, తమ మంచం మీదే, తమ కర్టెన్ల మధ్యే ఉంటారు. మూడుపూటలా భోజనం హాల్లో పెడతారు. నర్సు చూస్తుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి తీసుకొస్తారు. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లను పగలంతా చూసుకునే చోటుంది, ఆ కాసేపట్లో భర్తో భార్యో నిద్రపోవచ్చు, బట్టలుతుక్కోవచ్చు. డబ్బు కోసం నడిపేది కాదు, విరాళాలతో, స్వచ్ఛందంగా వచ్చి పనిచేసే ఇతర ఆర్వీవాళ్లతో నెట్టుకొస్తున్నారు. ఈ వేసవి వచ్చి వంటగదిలో గిన్నెలు కడిగినవాళ్లు, ఇంకో పదేళ్లకు అదే హాల్లో భోజనానికి కూర్చోవచ్చు.

అక్కడ బండి నిలిపినవాళ్లలో చాలామంది లైసెన్సు మీద ఇరవై ఏళ్లుగా ఉన్న ఊరు లివింగ్‌స్టనే. ఇన్నాళ్లూ వాళ్ల ఉత్తరాలు అక్కడికి వచ్చి, కట్టగట్టి మళ్లీ బయల్దేరేవి. ఇప్పుడు మాత్రం అవి ఎటూ పంపక్కర్లేదు.